ఓటు వచ్చాక బీరు తాగితే తప్పేమిటి?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గత నెలలో మా ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు, విడిది మేడ మీద వాడి మేనమామే గ్లాసులో బీరు పోసి ఇచ్చాడని ఆలస్యంగా తెలిసింది. మా తోడికోడలి కొడుకు, 16 ఏళ్లవాడు, అతనికీ పోశాడట. నిలదీస్తే మావాడు, "18 ఏళ్లకు ఓటు వేయవచ్చు, కారు నడపవచ్చు, గోవా వెళ్తే బీరు కొనవచ్చు, ఇక్కడ మాత్రం 21 ఎందుకు?" అని ఎదురడిగాడు. నాకు జవాబు తోచలేదు. చట్టం ఏమంటోంది?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి చెప్పినవన్నీ నిజాలే కనుక, గద్దించి ఊరుకోబెట్టడం కన్నా ఆ వాదనకు బదులు చెప్పడమే మర్యాద. మద్యం మీద చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలింది. అందువల్ల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి, కేరళలో 23, పంజాబ్‌లో 25, గోవాలో 18 నిండితే చాలు. అంత దూరం ఎందుకు, కాకినాడకు పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడా 18 ఏళ్లే.

ఇక ఓటు సంగతి. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గిన మాట నిజమే. అయినా మగవాడి పెళ్లికి 21, శాసనసభకు పోటీ చేయడానికి 25 అన్న నియమాలు అలాగే ఉన్నాయి. ఒక పనికి అర్హత వచ్చినంత మాత్రాన అన్నింటికీ వచ్చినట్లు కాదు. అమెరికాలో సరిగ్గా మీవాడి వాదనే ఒకప్పుడు గెలిచింది: 1971లో ఓటు వయసు 18కి తగ్గగానే చాలా రాష్ట్రాలు తాగే వయసును కూడా తగ్గించాయి. ఆ తర్వాత కుర్రవాళ్ల రోడ్డు ప్రమాదాలు పెరగడంతో, వయసును తిరిగి 21 చేయని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తామని 1984లో అక్కడి కేంద్రం చట్టం చేసింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికి వచ్చాయి. తొందరపాటును అదుపు చేసే మెదడు ముందు భాగం 25 ఏళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. ఆ లెక్కన 21 కూడా శాస్త్రం గీసిన గీత కాదు, ప్రభుత్వాలు కుదుర్చుకున్న రాజీ మాత్రమే. ఆ రాజీని ఇంకా కిందికి దించడానికి నాకు కారణం కనిపించడం లేదు.

అలాగని అంకె పెంచితే చాలుననీ అనను. మహారాష్ట్రలో గట్టి మద్యానికి 25 ఏళ్లు నిండాలి. అయినా 2024 మేలో పుణెలో కారుతో ఇద్దరి ప్రాణాలు తీసిన 17 ఏళ్ల కుర్రవాడు అంతకుముందు బార్లో కూర్చుని తాగే వచ్చాడని పోలీసులు చెప్పారు. వ్యాసం రాయమని షరతు పెట్టి బెయిలు ఇచ్చిన సంగతి మీరూ చదివే ఉంటారు. వయసు చూడకుండా అమ్మేవారు, పోసేవారు ఉన్నంత కాలం చట్టంలో ఎంత అంకె రాసినా ఒకటే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది కూడా ఆ పోసిన చెయ్యే. మన ఎక్సైజు చట్టంలోని వయసు నియమం ముఖ్యంగా దుకాణదారుడికి, బారుకు వేసిన కట్టడి. 19 ఏళ్ల మేనల్లుడికి మేనమామ గ్లాసు అందించడం నేరుగా దాని కిందికి రావడం కష్టం. 16 ఏళ్లవాడి విషయం అలా కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, అర్హుడైన వైద్యుడు చెబితే తప్ప, 18 ఏళ్లు నిండనివారికి మద్యం ఇచ్చిన వ్యక్తికి 7 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇచ్చినవాడు బంధువా, పరాయివాడా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. పెళ్లి సరదా అన్న మినహాయింపూ లేదు.

కాబట్టి కొడుకుతో వాదనకు దిగే ముందు మీ సోదరుడిని కూర్చోబెట్టి ఈ సెక్షన్ సంగతి చెప్పండి. మీ తోడికోడలికి జరిగింది తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే, ఇంకొకరి నోట వినకముందే మీరే చెప్పడం మంచిది.