తోపుడు బండికి సంఘం ఎందుకు?

ప్రశ్న: మా బజారులో నలభై దాకా కూరగాయల, టిఫిన్ బండ్లున్నాయి. మున్సిపాలిటీ లారీ వచ్చిందంటే బండీ సరుకూ రెండూ పోతాయి. సంఘం పెడదామంటే, "సంఘం కూడు పెడుతుందా, అప్పు ఇప్పించండి చాలు" అంటున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అప్పు తర్వాతండీ, ముందు చోటు నిలవాలి. పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రం 1000 పుచ్చుకునే అప్పుకి ఒక్కరోజు వడ్డీయే 11 శాతం దాటుతుంది. లారీ వచ్చిన రోజు ఆ వెయ్యి కట్టడానికి ఇంకోచోట చెయ్యి చాపాలి. ఈ సుడి నుంచి ఒంటరిగా బయటపడటం కష్టం.

వీధి వ్యాపారుల చట్టం 2014లో ఊరికే రాలేదు. అహ్మదాబాద్‌లో 1972లో పుట్టిన మహిళా కార్మికుల సంఘం 'సేవా', ఆ ఊరి మాణెక్ చౌక్ బజారులో కూరగాయలమ్మే మహిళల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత దేశంలోని పలు సంఘాలు ఒక్కతాటి మీదికి వచ్చి ఒత్తిడి తెస్తే వచ్చిన చట్టమిది. దీని ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసివ్వాలి. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు.

సొసైటీగా రిజిస్టరు చేయడానికి ఏడుగురు చాలు. మీ సంఘం మొదటి పని సర్వేని కాపలా కాయడం. పగలు సర్వే చేస్తే సాయంత్రం పెట్టే ఇడ్లీ, పునుగుల బండ్లు లెక్కలోకి రావు. అందుకే పేరు, సరుకు, చోటు, వేళ, ఫొటోతో మీ జాబితా మీరే రాసి, కమిషనర్ ఆఫీసులో ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం అప్పుకీ ఆ సర్వేలో పేరు పనికొస్తుంది. మొదటి విడత 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఉంది.

సంఘాలు ఎక్కువగా చెడేది చందా దగ్గరే. నెలకి ఇరవై రూపాయలైనా రసీదు ఇవ్వాలి, లెక్క బజారులో అందరిముందూ చదవాలి. టౌన్ వెండింగ్ కమిటీలో వ్యాపారుల సభ్యుల్ని మున్సిపల్ ఆఫీసే నియమిస్తానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: సరుకు ఎత్తుకెళ్తే అప్పటికప్పుడు ఏం చేయాలి?

జవాబు: సరుకుల జాబితా రాసి, సంతకం చేసి ఇమ్మని అడగండి. ఖాళీ కాగితం మీద మీరు మాత్రం సంతకం పెట్టొద్దు. నిర్ణయించిన రుసుము కట్టి అడిగితే కూరగాయల్లాంటివి ఆ రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఒక్కరే వెళితే రేపు రమ్మంటారు. నలుగురు కలిసి, జాబితా పట్టుకుని, టమాటాలు మెత్తబడకముందే వెళ్లండి.