వీసా స్లాటు వాయిదా పడింది, ఈలోగా ఇల్లెలా నడపాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నా వయసు 34. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. 2025 మార్చిలో అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా లాటరీలో నా పేరు వచ్చింది. మా సంస్థ నా కోసం వేసిన పిటిషన్‌కు ఆమోదం కూడా లభించింది. డల్లాస్‌లో క్లయింటు దగ్గర పని అన్నారు. డిసెంబరు మూడో వారంలో కాన్సులేట్‌లో స్టాంపింగ్ ఇంటర్వ్యూ (పాస్‌పోర్టులో వీసా వేసే ముందు జరిగేది) ఉండగా దానిని మార్చికి, మళ్లీ ఆగస్టుకు మార్చారు. జనవరికల్లా అక్కడ ఉంటారని మేనేజర్ చెప్పిన మాట మీద నా భార్య నవంబరులోనే టీచరు ఉద్యోగం మానేసింది. పాపను ఒకటో తరగతిలో ఎక్కడా చేర్పించలేదు. మియాపూర్‌లో మా అద్దె ఒప్పందం వచ్చే నెలతో ముగుస్తుంది. నాన్నగారి కంటి శుక్లం ఆపరేషను నా ప్రయాణం తేదీ తేలాక చేయిద్దామని ఆపాను. ఆఫీసులో వేరే ప్రాజెక్టు ఇస్తామంటే, మధ్యలో వదిలి వెళ్లాల్సి వస్తుందని వద్దన్నాను. సర్దిన రెండు సూట్‌కేసులు బీరువా పక్కనే ఉన్నాయి. మా అత్తగారు కట్టి ఇచ్చిన కరివేపాకు పొడి పాతబడితే, తీసేసి మళ్లీ కొత్తది కట్టి పంపారు. ఆగస్టు వరకు ఇలాగే ఉండాలా, లేక ఉద్యోగం మారిపోవాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం మారడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే కోపంలో చేస్తే తిరిగి సరిదిద్దుకోలేని పని అదొక్కటే. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్నవారి కోసం దాఖలు చేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము విధించారు. మీ పిటిషన్ అంతకుముందే దాఖలై ఉంటే అది మీకు వర్తించదు. మీరు రాజీనామా చేస్తే సంస్థ ఆ పిటిషన్‌ను వెనక్కి తీసుకోవచ్చు, మరో సంస్థ మీ కోసం అంత సొమ్ము పెడుతుందని నమ్మకం లేదు. పైగా హెచ్-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితిలో అమెరికాలో గడిపిన రోజులే లెక్కకు వస్తాయి కాబట్టి, ఇక్కడ గడిచే నెలల వల్ల ఆ ఆరేళ్లు తరగవు. కాబట్టి సంస్థలోనే ఉండండి. ఉండడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం కాదు.

వాయిదాకు కారణం మీరూ కాదు, మీ సంస్థా కాదు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, వారి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసాల దరఖాస్తుదారులందరి సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించాలని అమెరికా విదేశాంగ శాఖ నిర్ణయించడంతో, కాన్సులేట్లలో రోజుకు చేయగల ఇంటర్వ్యూలు తగ్గి, వేలాది మంది తేదీలు వెనక్కి వెళ్లాయి. ఆగస్టు తేదీ నిలవవచ్చు, మళ్లీ వెనక్కి జరగనూ వచ్చు. అందుకే ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి గాని, ఇంట్లో ఏ పనినీ దానికి ముడిపెట్టకండి.

2001లో నా సంగతి మీకు చెప్పాలి. నాకూ ఆన్‌సైట్, అంటే అమెరికాలో క్లయింటు దగ్గర పని, ఖాయమన్నారు. అమీర్‌పేటలో అద్దె గది ఖాళీ చేసి, స్నేహితురాలి ఇంట్లో ఒక మూల అట్టపెట్టెల మధ్య ఏడు నెలలు ఉన్నాను. ఇక్కడి ప్రాజెక్టు ఒకటి ఇస్తే, మీలాగే వద్దన్నాను. సెప్టెంబరులో న్యూయార్క్‌లో దాడులు జరిగాక క్లయింటు ఆ ప్రాజెక్టునే ఆపేశాడు. ప్రయాణం పోయినందుకు కలిగిన బాధ కొన్నాళ్లకు తగ్గింది. ఆ ఏడు నెలల్లో తోటివాళ్లు నేర్చుకున్న పని నాకు రాకపోవడం మాత్రం రెండేళ్లు వెంటాడింది. అందుకే ఆఫీసులో ఇస్తామన్న ప్రాజెక్టును మీరు ఈ వారమే అడిగి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఆగస్టులో వెళ్లాల్సి రావచ్చని ముందే మెయిల్‌లో రాసి, పని అప్పగించడానికి మూడు వారాలు ఇస్తానని చెప్పండి, ఏ మేనేజరూ దానికి అభ్యంతరం పెట్టడు. డల్లాస్ క్లయింటు పనినే ఇక్కడి నుంచి చేసే వీలుంటే ఇంకా మంచిది. ఇంటర్వ్యూలో అధికారి మీ పని గురించి అడిగినప్పుడు, ఏడాది కిందటి విషయం గుర్తు చేసుకోవడం కాకుండా నిన్న చేసిన పనే చెప్పగలుగుతారు.

అలాగే మేనేజర్‌ను రెండు విషయాలు నేరుగా అడగండి. డల్లాస్‌లో ఆ స్థానం మీ కోసం ఇంకా ఉందా, లేక అక్కడే ఎవరినైనా తీసుకున్నారా? పనిచేసే ఊరు మారితే సవరించిన పిటిషన్ వేస్తారా? అదే మహానగర పరిధి దాటి వేరే ఊరికి మారినప్పుడు అది తప్పనిసరి. క్లయింటు ఇచ్చిన లేఖ కూడా పాతబడి ఉంటుంది, ఇంటర్వ్యూకు ముందు కొత్తది తెప్పించుకోండి.

ఇక మీ శ్రీమతి ఉద్యోగం. ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేశారు గాని, ఈ నిరీక్షణలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆమే. హెచ్-4 మీద వెళ్లినవారికి అక్కడ వెంటనే పనిచేసే అనుమతి ఉండదు. 2015 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, మీ గ్రీన్‌కార్డు (అక్కడి శాశ్వత నివాస అనుమతి) ప్రక్రియలో సంస్థ వేసే ఐ-140 అనే పిటిషన్ ఆమోదం పొందాకే సాధారణంగా ఆమె పని అనుమతికి దరఖాస్తు చేసుకోగలరు, దానికి ఏళ్లు పట్టవచ్చు. అంటే వెళ్లాక ఆమెకు ఎలాగూ విరామం తప్పదు. ఆ విరామాన్ని గత నవంబరు నుంచే మొదలుపెట్టించారు. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, టీచర్లను ఇప్పుడే తీసుకుంటారు. పాత బడికే వెళ్లి, ఆగస్టు తర్వాత వెళ్లాల్సి రావచ్చని ప్రిన్సిపాల్‌కు దాచకుండా చెప్పి అడగమనండి. ఏడాది మాట ఇవ్వలేకపోతే, సెలవుపై వెళ్లేవారి స్థానంలో తాత్కాలికంగా చేసినా మంచిదే. ఈ విషయం మీరు నిర్ణయించి ఆమెకు చెప్పేది కాదు, ఇద్దరూ కూర్చుని, ఆమె ఏం కోరుకుంటున్నారో ముందు వినండి.

పాపను జూన్‌లో తప్పకుండా ఇక్కడ బడిలో చేర్పించండి. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ఏడాది మధ్యలోనూ చేర్చుకుంటారు. చిరునామా రుజువు, జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు అడుగుతారు. పెద్ద మొత్తంలో డొనేషను కట్టే బడికి బదులు, టర్ముల వారీగా ఫీజు తీసుకునే దగ్గరి బడి చూస్తే మధ్యలో మానినా నష్టం తక్కువ. ఇంటి ఒప్పందాన్ని మళ్లీ పదకొండు నెలలకు రాయించుకుని, ఖాళీ చేసే నోటీసును రెండు నెలలకు బదులు ఒక నెలగా మార్చమని యజమానిని అడగండి. అవసరమైతే అద్దె కొంచెం పెంచడానికి ఒప్పుకోండి.

వెళ్లినా వెళ్లకపోయినా పనికొచ్చే పనులు కొన్ని ఉన్నాయి, వాటిని ఇప్పుడే ముగించండి. ముగ్గురి పాస్‌పోర్టులూ తీసి, ఇంటిపేరు, అసలు పేరు ఏ గడిలో ఎలా పడ్డాయో చూడండి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో పడి, రెండోది ఖాళీగా ఉండడం మామూలే. అసలు పేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద దాని స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని ముద్రిస్తారు, అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు వరకు అదే వెంట వస్తుంది. వివాహ ధ్రువపత్రంలో, పాప జనన ధ్రువపత్రంలో పేర్లు పాస్‌పోర్టుతో సరిపోకపోతే సరిచేయించడానికి ఈ వ్యవధి చాలు. పళ్ల చికిత్సలు ఏవైనా ఉంటే ఇక్కడే చేయించుకోండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం ఇప్పుడే తీసుకోవద్దు, దాని గడువు జారీ అయిన రోజు నుంచి ఏడాదే.

పన్ను సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి నివాసిగానే లెక్క. ఉద్యోగం మీద సెప్టెంబరు నెలాఖరు దాటాక వెళ్లేవారు అక్కడి జీతాన్ని ఇక్కడి రిటర్నులోనూ చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు మినహాయింపు అడగవచ్చు. దీనికోసం ప్రయాణాన్ని ముందుకు జరపాలని తొందరపడకండి.

సూట్‌కేసులు విప్పి బట్టలు బీరువాలో పెట్టండి. సర్దడానికి రెండు రోజులు చాలు, పాపకు ఆడుకునే చోటూ దొరుకుతుంది. నాన్నగారి ఆపరేషనుకు రేపే డాక్టరును కలిసి తేదీ తీసుకోండి. మే మొదటి వారంలో జరిగితే, చుక్కల మందు వేసుకుంటూ నాలుగు నుంచి ఆరు వారాలు జాగ్రత్తగా ఉన్నాక, జూన్ చివరికి కొత్త కళ్లద్దాలు రాస్తారు. ఆ చుక్కలు వేళకు వేయడానికి మీరు ఇంట్లోనే ఉంటారు.