స్వీటెన్ అంటే తీపి చేయడం ఒక్కటేనా?

మీరు అడిగింది 'ది కంపెనీ స్వీటెన్డ్ ఇట్స్ ఆఫర్' అనే వార్తా వాక్యం గురించి. అందులో పంచదార ఎక్కడా లేదు కదా, ఆ క్రియ ఎందుకు వాడారు, ఇంకా ఎక్కడెక్కడ వాడతారు అన్నది మీ ప్రశ్న. నేను గుజరాత్‌లో హజీరా దగ్గర గ్యాస్ ప్లాంట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. నేను ఉన్న విభాగం పేరే స్వీటెనింగ్ యూనిట్. రోజూ పలికిన మాట కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నాకు అర్థమైనంతలో ఈ క్రియ ఎక్కడ వాడినా అసలు వస్తువులోనే ఏదో ఒక మార్పు జరిగి ఉంటుంది. ఒకచోట కొత్తగా ఏదో కలుస్తుంది, ఇంకోచోట ఇబ్బంది పెట్టేది ఏదో పోతుంది. ఆ రెంటిలో ఏది జరిగిందో పట్టుకుంటే అర్థం దొరికినట్టే.

మామూలు అర్థం మీకు తెలిసిందే. టీలో పంచదార, పానకంలో బెల్లం, షుగర్ ఉన్నవాళ్లకి మాత్ర రూపంలో వచ్చే స్వీటెనర్. దానంతట అది తియ్యగా మారడానికీ ఇదే క్రియ. కోల్డ్ స్టోరేజ్ నుంచి వచ్చిన బంగాళదుంపతో వేపుడు చేస్తే ఒక్కోసారి కూర తియ్యగా ఉంటుంది, ముక్కలు లోపల ఉడక్కముందే పైన నల్లబడిపోతాయి. చలికి దుంపలోని పిండి పదార్థం చక్కెరగా మారడం వల్ల అలా జరుగుతుంది. దీన్ని ఇంగ్లీషులో కోల్డ్ స్వీటెనింగ్ అంటారు. చిప్స్ తయారుచేసే వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. అందుకే చిప్స్ దుంపల్ని మరీ చల్లగా నిల్వ చేయరు. అంటే ఈ మాట ప్రతిచోటా మెచ్చుకోలు కాదు.

ఇక మా ప్లాంట్ సంగతి. అరేబియా సముద్రంలోని బస్సీన్ గ్యాస్ క్షేత్రం నుంచి సముద్రం అడుగున వేసిన పైపుల్లో గ్యాస్ హజీరాకి వస్తుంది. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. అది ఉన్న గ్యాస్‌ని సోర్ గ్యాస్ అంటారు, అంటే పుల్లటి గ్యాస్. అబ్జార్బర్ అనే పొడుగాటి టవర్‌లో గ్యాస్ అడుగు నుంచి పైకి వెళుతుంది, అమీన్ అనే రసాయనం కలిపిన నీళ్లు పైనుంచి ట్రేల మీదుగా కిందికి దిగుతాయి. దారిలో అమీన్ ఆ సల్ఫైడ్‌ని పట్టేసుకుంటుంది. టవర్ పైనుంచి బయటికి వచ్చేది స్వీట్ గ్యాస్. సల్ఫైడ్ నింపుకున్న అమీన్‌ని ఇంకో టవర్‌లో వేడి చేస్తే అది విడిపోతుంది, ఖాళీ అయిన అమీన్ చల్లబడి మళ్లీ మొదటి టవర్‌కి చేరుతుంది. విడిపోయిన సల్ఫైడ్ నుంచి పసుపు పచ్చటి గంధకం తీస్తారు. ఇంత పెద్ద స్వీటెనింగ్‌లో తీపి పదార్థం ఒక్క చుక్క కూడా పడదు. ఉన్నదాన్ని తీసేయడమే పని.

గ్యాస్‌తో పాటు నూనె తుంపరలు లోపలికి వస్తే టవర్‌లో అమీన్ నురగ కడుతుంది. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద టవర్ ప్రెషర్ తేడా చూపే గీత ఎగబాకడం మొదలైతే షిఫ్ట్ మొత్తానికి టెన్షన్. నురగ తగ్గించే మందు పంపుతూ, లోపలికి వచ్చే గ్యాస్‌ని తగ్గిస్తూ, అందరం ఒకటే అడిగేవాళ్లం: 'స్వీట్ గ్యాస్‌లో హెచ్‌టూఎస్ ఎంత?' హెచ్‌టూఎస్ అంటే ఆ హైడ్రోజన్ సల్ఫైడే. పైప్‌లైన్‌లోకి వెళ్లే గ్యాస్‌లో అది నాలుగైదు పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో నాలుగైదు భాగాలు, దాటకూడదు. దాటితే ఇనుము తినేస్తుంది, మనిషికైతే అది విషమే. ఇంకో భయం కూడా ఉంది. గాలిలో అది 100 పీపీఎం స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన రావట్లేదు కాబట్టి గ్యాస్ లేదనుకున్నవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అందుకే అందరి ఛాతీకీ చిన్న డిటెక్టర్ తగిలించి ఉంటుంది. మాది 10 దగ్గరే మోగేది. కొత్తగా చేరిన పిల్లలకి మా సీనియర్లు అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే: 'ముక్కుని నమ్మకు, మోతని నమ్ము.'

ముడి చమురు విషయంలోనూ ఇదే పద్ధతి. గంధకం దాదాపు 0.5 శాతం లోపు ఉంటే స్వీట్ క్రూడ్, అంతకంటే ఎక్కువైతే సోర్ క్రూడ్. వంటగ్యాస్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గంధకం వాసన పోయేలా అంత శుభ్రం చేశాక, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధకం వాసన పదార్థాన్నే కొద్దిగా కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊళ్లో వాసన లేని గ్యాస్ లీకై స్కూలు పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌కి వాసన కలపాలన్న చట్టం అక్కడ వచ్చింది. మన వంటింట్లో సిలిండర్ దగ్గర వాసన రాగానే కిటికీ తెరుస్తున్నామంటే వెనక అంత పెద్ద విషాదం ఉంది.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. 'స్వీటెన్ ది ఆఫర్', 'స్వీటెన్ ది డీల్' అన్నప్పుడు అప్పటికే ఒక బేరం నడుస్తూ ఉండాలి, అవతలివాళ్లు ఇంకా ఊ అనకుండా ఉండాలి. అప్పుడు పైన ఇంకొంత వేస్తారు. మన టీవీలకి సంబంధించిన ఉదాహరణే ఉంది. 2017 డిసెంబరులో డిస్నీ, ఫాక్స్ ఆస్తుల్ని 52.4 బిలియన్ డాలర్లకి కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2018 జూన్‌లో కామ్‌కాస్ట్ అనే ఇంకో అమెరికా కంపెనీ మధ్యలో దూరి 65 బిలియన్లు ఇస్తానంది. వారం తిరక్కుండా డిస్నీ తన ఆఫర్‌ని 71.3 బిలియన్లకి పెంచింది. ఇలాంటప్పుడే ఇంగ్లీషు పత్రికలు స్వీటెన్ అని రాస్తాయి. ఆ బేరంలో స్టార్ ఇండియా కూడా ఉండటంతో మన స్టార్ మా ఛానల్ డిస్నీ చేతికి వెళ్లింది.

డబ్బే పెంచాలని లేదు. నేను ప్లాంట్ వదిలి ఇంకో ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అక్కడి హెచ్ఆర్ జీతం పెంచలేమంటూనే జాయినింగ్ బోనస్, సామాను తరలించే ఖర్చు ఇస్తామన్నారు. మెయిల్‌లో రాసింది కూడా ఇదే క్రియ. ఫ్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అని బిల్డర్ అంటాడే, అలాంటిదాన్ని స్వీటెనర్ అంటారు. తెలుగులో 'ఆఫర్‌ను మరింత ఆకర్షణీయంగా మార్చింది' అని పత్రికలు రాస్తాయి, తప్పు లేదు. నేనైతే 'బేరం పెంచింది' అనో, 'ఇంకొంత కలిపి ఇస్తానంది' అనో రాస్తాను. జనం మాట్లాడుకునేది అలాగే.

ఇక్కడే చాలామంది షుగర్‌కోట్‌తో కలిపేస్తారు. షుగర్‌కోట్ చేయడమంటే చేదు మాత్ర మీద తీపి పూత వేయడం. లోపలి చేదు అలాగే ఉంటుంది. ఉద్యోగాలు తీసేస్తూ 'కొత్త అవకాశాల వైపు అడుగు వేస్తున్నారు' అని ఉత్తరం రాస్తే అది షుగర్‌కోట్. ఆరు నెలల జీతం చేతిలో పెట్టి పంపిస్తే స్వీటెన్ చేసినట్టు. ఈ తేడా ముఖ్యమని నాకు గట్టి నమ్మకం. మాటలు మెత్తగా ఉన్నంత మాత్రాన బేరం మెరుగుపడదు, ఉత్తరంలో ఏం పెంచారో వెతకండి.

మిగతా వాడుకలు క్లుప్తంగా. ఆమ్ల గుణం ఉన్న నేలకి సున్నం వేసి బాగుచేయడాన్ని తోటపని వాళ్లు స్వీటెన్ ది సాయిల్ అంటారు. టీవీలో దీనికి ఇంకో అర్థం ఉంది. 1950ల్లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో పనిచేసిన చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీర్, ప్రేక్షకులు సరిగ్గా నవ్వని చోట రికార్డు చేసిన నవ్వులు కలిపేవాడు, అతిగా నవ్విన చోట తగ్గించేవాడు. ఆ పనికీ స్వీటెనింగ్ అనే పేరు. చూశారా, ఒకే పనిలో కలపడమూ ఉంది, తీసేయడమూ ఉంది.

మనుషుల మీద వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'స్వీటెన్ హిమ్ అప్' అంటే ఏదో పని చేయించుకోవడానికి అతన్ని ముందుగా మంచి చేసుకోవడం, కాకా పట్టడం. స్నేహితుల మధ్య సరదాగా అనుకోవచ్చు. ఆఫీసు మెయిల్‌లో క్లయింట్ గురించి రాస్తే మాత్రం లంచమో ముఖస్తుతో అన్న అనుమానం వస్తుంది. అక్కడ ఆఫర్‌ని స్వీటెన్ చేశాం అని రాయండి, మనిషిని చేశాం అని రాయకండి.