నాన్నగారి నేవీ పెన్షన్ తర్వాత అమ్మకి ఏముంటుంది?

ప్రశ్న: మాది భీమిలి, ఇప్పుడు చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాం. నాన్నగారు 1965లో సెయిలర్‌గా నేవీలో చేరారు, 1971 యుద్ధంలో విక్రాంత్ ఇంజిన్ రూమ్‌లో ఉన్నారు. 1980లో పెట్టీ ఆఫీసర్‌గా బయటికొచ్చి ఇక్కడి పోర్ట్ ట్రస్ట్‌లో చేరారు. రెండు పెన్షన్లూ వస్తున్నాయి. ఆయనకి 79, అమ్మకి 72. ఎఫ్‌డీల్లో 25 లక్షలున్నాయి. ఆయన తర్వాత అమ్మకి ఏమీ రాదు, మొత్తం యాన్యుటీలో (ఒకేసారి డబ్బు కట్టేస్తే నెలనెలా కొంత ఇచ్చే పాలసీ) పెట్టేయమని బ్యాంకులో అంటున్నారు. యుద్ధం చేసినవాళ్లకి వేరే పెన్షన్ ఉందని, 15 వేలిస్తే ఇప్పిస్తానని ఇంకొకాయన తిరుగుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ 15 వేలు ఇవ్వకండి. ఆ యుద్ధంలో తూర్పు తీరంలో పనిచేసినవాళ్లకి ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం మీ నాన్నగారి దగ్గర ఉండే ఉంటుంది, కానీ దానికి నెలనెలా డబ్బు రాదు, వీర చక్ర లాంటి శౌర్య పతకాలకే వస్తుంది. బాయిలర్‌లో పగుళ్లున్నా వేగం తగ్గించుకుని విక్రాంత్ బంగాళాఖాతంలోకి వెళ్లింది, డిసెంబర్ 4న దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడి చేశాయి, అలాంటి ఓడ ఇంజిన్ రూమ్‌లో నిలబడ్డ మనిషికి ఇంకేదో రావాలని మీకు అనిపించడం న్యాయమే. అయితే ఆ ఏళ్లన్నీ ఆయన పెన్షన్‌లోనే లెక్కకొచ్చాయి, 15 ఏళ్లు పూర్తిచేశారు కాబట్టే సర్వీస్ పెన్షన్ వచ్చింది. ఇంజిన్ హోరుకి వినికిడి దెబ్బతిందని రిలీజ్ మెడికల్‌లో (నేవీ నుంచి బయటికొచ్చేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో) రాసి ఉంటే మాత్రం డిజబిలిటీ పెన్షన్ సంగతి అడగడానికి ఆ కాగితం తీసుకుని జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ ఉచితంగానే చూస్తారు.

అమ్మగారికి ఏమీ రాదన్నది తప్పు మాట, ఇలా భయపెట్టి పాలసీ అమ్మడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నేవీ ఫ్యామిలీ పెన్షన్ సుమారుగా ఆయన బేసిక్ పెన్షన్‌లో 60 శాతం ఉంటుంది. ఆయన బేసిక్ 20 వేలనుకుంటే ఆమెకి 12 వేలు, దానిమీద డీఆర్ (ధరలు పెరిగేకొద్దీ కలిపే కరువు భత్యం). ఆమెకి 80 నిండితే ఇంకో 20 శాతం. పోర్ట్ ట్రస్ట్ ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తుంది, ఎందుకంటే మిలిటరీ పెన్షన్ తీసుకుంటూ రెండో ఉద్యోగం చేసినవాళ్ల కుటుంబాలకి రెండూ ఇవ్వొచ్చని 2012 సెప్టెంబర్ 24 నుంచి నిబంధన మార్చారు. ఇది తెలియక ఒక్కదానితో సరిపెట్టుకున్నవాళ్లున్నారు.

అసలు చిక్కు కాగితాల్లో ఉంటుంది. రక్షణ శాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్లోకి వెళ్లి పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) ప్రింట్ తీసి, అమ్మగారి ఆధార్ పక్కన పెట్టి, ఒక్కో అక్షరం చూడండి. పీపీఓలో సత్యవతి, ఆధార్‌లో సత్తెవతి, పుట్టిన సంవత్సరం రెండేళ్లు తేడా, ఇంటిపేరు ఒకచోట ముందూ ఇంకోచోట వెనకా. ఆ రోజుల్లో షిప్ ఆఫీసులో ఎవరో హిందీ క్లర్కు విన్నట్టు రాసుకున్న పేర్లివి. ఇప్పుడైతే నాన్నగారి సంతకంతో స్పర్శ్‌లోనే దిద్దుబాటుకి పెట్టొచ్చు, ఆయన లేనప్పుడైతే ఆమే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెళ్లి విషయమే రికార్డుకి ఎక్కలేదంటే సెయిలర్ల రికార్డులు చూసే ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి రాయాలి. ఆయన పుట్టిన తేదీ కూడా సరిచూడండి, 80 నిండే నెల నుంచి ఆయన బేసిక్ మీద 20 శాతం కలవాలి. పెన్షన్ పడే ఖాతా ఇద్దరి పేరా ఉండాలి. పోర్ట్ ట్రస్ట్ రికార్డులో కూడా ఇవన్నీ చూసుకోండి.

ఇక 25 లక్షలు. రెండు పెన్షన్లున్న ఇంటికి యాన్యుటీ అక్కర్లేదు, అందులో పెట్టిన అసలు మళ్లీ చేతికి రావడం కష్టం. అమ్మగారి పేరన సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఓ 15 లక్షలు వేయండి, ఇప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ ఆమె ఖాతాలోనే పడుతుంది. డబ్బు ఆయనది కాబట్టి ఆ వడ్డీ పన్ను లెక్కలో ఆయన ఆదాయంలోకే వస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు మర్చిపోకండి. మిగతాది చిన్న చిన్న ఎఫ్‌డీలుగా ఇద్దరి పేరా ఉంచండి, అవసరానికి ఒకటి తీసినా మిగిలినవి కదలవు.

వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉందో లేదో మీరు రాయలేదు. 2003లో వచ్చిన పథకం అది. 1996కి ముందు రిటైరైనవాళ్లకి చేరడానికి చందా కూడా లేదు. కార్డు లేకపోతే ఈ నెలలోనే ఇద్దరికీ అప్లై చేయండి, ఆ వయసులో కొత్త హెల్త్ పాలసీకి కట్టే ప్రీమియం మిగులుతుంది.