నీ మొదటి హరికేన్‌కి ముందు, పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఐదు రోజుల్లో మా వైపే వస్తుందట" అన్నప్పుడు నీ గొంతులో భయం కంటే ఏం చేయాలో తోచని కంగారే ఎక్కువ వినిపించింది. భయపడొద్దని చెప్పను. భయం ఉంటేనే ముందు జాగ్రత్తలు పడతాం. నీలాగే నేనూ కరీబియన్ సముద్రంలోని ద్వీపదేశం గ్రెనడాలో ఉన్నన్నాళ్లలో చూసింది, చేసిన పొరపాట్లు రాస్తున్నాను. ఈ రాత్రే చదువు, రేపు పొద్దున్నే పనిలో దిగు.

నీ చుట్టుపక్కల ఎవరో ఒకరు "ఈ ద్వీపం దక్షిణాన ఉంది, హరికేన్లు ఇక్కడికి రావు" అంటారు. మాకూ అదే చెప్పారు, మేమూ నమ్మాం. 1955లో జానెట్ అనే హరికేన్ వచ్చాక దాదాపు యాభై ఏళ్లు గ్రెనడాని పెద్ద హరికేన్ ఏదీ తాకలేదు. 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ వచ్చింది. 39 మంది చనిపోయారు. పదిళ్లలో తొమ్మిదింటికి దెబ్బ తగిలింది. కొండల మీద జాజికాయ తోటలు నేలమట్టమయ్యాయి. పది నెలలు గడిచాయో లేదో ఎమిలీ వచ్చింది. 2024 జులై 1న బెరిల్ గ్రెనడా దేశంలోనే ఉన్న కారియకూ ద్వీపాన్ని ఊడ్చేసింది. అది హరికేన్ల సీజన్ మొదలైన నెలకే వచ్చింది. సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉంటుంది, ఎక్కువగా వచ్చేది ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో. కానీ తుఫాను క్యాలెండర్ చూసుకుని రాదు.

మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ వేసే మ్యాప్‌లో తెల్లటి గరాటులాంటి బొమ్మ చూసే ఉంటావు. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో మాత్రమే అది చెబుతుంది. ఆ గరాటు బయట ఉన్నాం కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోకు. గాలి, వాన దానికి అవతల కూడా చాలా దూరం ఉంటాయి. హరికేన్‌కి ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే కేటగిరీ అంకె కూడా గాలి వేగానికి సంబంధించిందే. గంటకు 119 కిలోమీటర్లు చేరితే ఒకటి, 252 చేరితే ఐదు. వాన ఎంత పడుతుందో, సముద్రం ఎంత పైకి వస్తుందో ఆ అంకె చెప్పదు. ఒకటో కేటగిరీ వానకి కూడా కొండచరియలు విరిగిపడతాయి. నీ ఇల్లు వాగు పక్కనో, సముద్రపు ఒడ్డునో, కొండ అంచునో ఉంటే కేటగిరీతో పని లేదు, వెళ్లమనగానే షెల్టర్‌కి వెళ్లిపో. రేడియోలో వాచ్ అంటే హరికేన్ గాలులు రావచ్చని, సుమారు 48 గంటల ముందు ఇస్తారు. వార్నింగ్ అంటే వస్తాయనే, సుమారు 36 గంటల ముందు ఇస్తారు. వార్నింగ్ వచ్చేసరికి నీ పనులన్నీ అయిపోయి ఉండాలి, అప్పుడు మొదలుపెట్టకూడదు.

ఇంట్లో ముందు చూడాల్సింది పైకప్పు. గాలి రేకుల మీదుగా పోతూ వాటిని పైకి లాగుతుంది. ఈలోగా ఒక కిటికీ పగిలిందంటే లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. పై నుంచి లాగుడు, కింద నుంచి తోపుడు కలిస్తే కప్పు నిలవదు. మా అద్దె ఇంటి కప్పు అలాగే పోయింది. వాసాలను గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు ఉన్నాయో లేదో మేం ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు ఇవాళే ఇంటి ఓనర్‌ని అడుగు. లేవంటే, తుఫాను సమయానికి కాంక్రీట్ స్లాబ్ ఉన్న ఇంట్లోనో, షెల్టర్‌లోనో ఉండు, మొహమాటపడకు. కిటికీలకి షట్టర్లు లేకపోతే మందపాటి ప్లైవుడ్ స్క్రూలతో బిగించు. అద్దం మీద టేపు అంటిస్తే చాలనేవాళ్లు ఉంటారు, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ఒత్తిడి సరిపోవాలని ఒక కిటికీ తెరిచి ఉంచమంటారు, అది ఇంకా ప్రమాదం. అన్నీ మూసే ఉంచు.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన కనీసం వారానికి పట్టిపెట్టు. రెండు వారాలకి పెట్టగలిగితే ఇంకా మంచిది. ఇవి తాగడానికి, వంటకి. బాత్రూమ్ కోసం డ్రమ్ములు, బకెట్లు, ఖాళీగా ఉన్న ప్రతి గిన్నె వేరే నింపు. ముందు రోజు కుళాయి వస్తోంది కదా అనుకుంటాం. కరెంటు పోయిందంటే పంపులు ఆగిపోతాయి. వాసన లేని బ్లీచ్ ఒక సీసా ఉంచుకో. అవసరమైతే తేరిన నీళ్లలో లీటరుకి రెండు చుక్కలు వేసి అరగంట ఆగి తాగొచ్చు. మందులు నెలకి సరిపడా తెచ్చుకో. చిన్న నోట్లు చేతిలో ఉంచుకో, ఏటీఎంలు, కార్డు మెషీన్లు ఏవీ పనిచెయ్యవు. పాస్‌పోర్ట్ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఒంటికే కట్టుకో. బ్యాటరీలతో పనిచేసే చిన్న రేడియో కొను. సిగ్నల్ పోయాక బయటి మాట వినిపించేది అదొక్కటే.

ఇక ఆ కొన్ని గంటలు. ఐవాన్ అప్పుడు చీకటి పడేసరికి శబ్దం మారింది. ఈల కాదు, హోరు కాదు. పక్కనే ఏదో పెద్ద ఇంజన్ ఆగకుండా తిరుగుతున్నట్టు ఉంది, ఛాతీలో అదురు తెలిసింది. చెవుల్లో ఒత్తిడి పెరిగింది. కప్పు లేచిపోయినప్పుడు మేం బాత్రూమ్‌లో తలల మీద పరుపు కప్పుకుని కూర్చున్నాం, అందుకే బతికాం. నువ్వూ ముందే ఒక గది ఎంచుకో. ఇంటి మధ్యలో, చిన్నది, కిటికీ లేనిది. బూట్లు వేసుకునే కూర్చో, తర్వాత నేలంతా మేకులు, గాజు పెంకులే. టార్చ్ చేతిలో ఉంచుకో, కొవ్వొత్తి వెలిగించకు. కేంద్రం నేరుగా మీ మీదుగా పోతే మధ్యలో ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం అవుతుంది. ఆకాశం కూడా కనిపించవచ్చు. అయిపోయిందనుకుని బయటికి వెళ్లకు తల్లీ. అది తుఫాను కన్ను. కొన్ని నిమిషాలకో, ఓ అరగంటకో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి సగంలో సగం ఊడినవి రెండో సగంలో ఎగిరి వస్తాయి. రేడియోలో చెప్పేదాకా కదలొద్దు.

నన్ను ఎవరూ ముందుగా హెచ్చరించనిది ఆ తర్వాతి రోజుల గురించి. పొద్దున లేచి చూస్తే పచ్చటి కొండలు గోధుమ రంగులో ఉన్నాయి. ఆకు అన్నది లేదు. తెలిసిన వీధిలోనే దారి తప్పాను, గుర్తు పెట్టుకున్న చెట్లూ బోర్డులూ ఏవీ లేవు. కర్ఫ్యూ పెట్టారు. కరెంటు వారాల తరబడి లేదు. ఎండ నడినెత్తిన, నీడ లేదు, రాత్రంతా దోమలు. నిద్ర లేక చిన్న మాటకే ఏడుపు వచ్చేది. అది నీ బలహీనత అనుకోకు, అందరికీ అంతే. ఈ రోజుల్లో కూడా ఎన్నో ప్రాణాలు పోతాయి. 2017లో కరీబియన్‌లోనే ఉన్న ప్యూర్టో రికోలో మరియా హరికేన్ వచ్చినప్పుడు ముందు 64 మంది అని లెక్క చెప్పారు. తర్వాత అధ్యయనం చేయించి ఆ లెక్కని 2,975కి మార్చారు. కరెంటు, వైద్యం అందక ఆ తర్వాతి నెలల్లో పోయినవాళ్లు అందులో ఎంతోమంది. అందుకే చెబుతున్నాను, జనరేటర్‌ని ఇంట్లో, వరండాలో, కిటికీ దగ్గర ఎప్పుడూ పెట్టకు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు, నిద్రలోనే మనిషి పోతాడు. పడిపోయిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే అనుకో. వరద నీళ్లలో నడవకు. కప్పు మీదికి ఎక్కే పని నువ్వు చెయ్యకు. చిన్న గీత పడినా వెంటనే కడిగి మందు రాయి.

మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరో ఇప్పుడే తెలుసుకో. ఇన్సులిన్ వాడేవాళ్లు, ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్నవాళ్లు ఉంటే మరీ ముఖ్యం. మాకు ఐవాన్ తర్వాత మొదటి పూట అన్నం పెట్టింది అంతకుముందు పలకరింపు మాత్రమే ఉన్న పక్కింటావిడ. ఆవిడ వంటగది ఒక్కటే మిగిలింది. వీధిలో ఉన్న మా పదకొండు మందిమీ వారం రోజులు అక్కడే తిన్నాం. నువ్వు రేపే వెళ్లి పక్కవాళ్ల తలుపు తట్టి పేరు చెప్పు.

తుఫాను వెళ్లాక ఫోన్ కాల్ కోసం ప్రయత్నించి బ్యాటరీ అవగొట్టుకోకు. సిగ్నల్ కాస్త దొరికినా మెసేజ్ పోతుంది. "బాగున్నాను" అని నాకొక్కదానికే పెట్టు, మిగతా అందరికీ నేను చెబుతాను. పది రోజులు ఏమీ రాకపోయినా టవర్లు పడిపోయాయనే అనుకుంటాను. మీ అమ్మ దగ్గరికి శనివారమే వెళ్తున్నాను, నీ దగ్గర్నుంచి మాట వచ్చేదాకా అక్కడే ఉంటాను.

మీ పెద్దమ్మ