పరిశోధనకు పూనుకుంటున్న మాధవికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కాన్పుల విభాగంలో పని చేస్తూనే పరిశోధన మొదలుపెడుతున్నావనీ, అందులో ఒక భాగం గర్భస్థ శిశువు ప్రవర్తన గురించీ, రెండో భాగం లైంగిక అత్యాచారానికి గురయ్యారన్న అనుమానంతో తీసుకొచ్చే పిల్లల వైద్యపరీక్ష గురించీ అని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఈ రెండింటికీ పొంతనేమిటి, ఒకటి చేస్తే చాలదా అని దాని బెంగ. నాకు మాత్రం ఆ పొంతన వెంటనే తెలిసింది. అందుకే గర్వంతో పాటు భయమూ పట్టుకుని రాత్రంతా నిద్ర రాలేదు.

కడుపులోని బిడ్డకు మాట లేదు. రెండో బిడ్డకు మాట ఉంది, కాని పెద్దలు ఆ మాట చాలదని ఒంటిని సాక్ష్యం అడుగుతారు. రెండు చోట్లా ఒంటిని చూసి చెప్పవలసినది మనమే, మామూలుగా ఉన్న ఒళ్లు ఎన్ని రకాలుగా ఉంటుందో తెలియకుండా చెబితే రెండు చోట్లా తప్పు చెబుతాం.

ఎథిక్స్ కమిటీ అనుమతి, లెక్కలు చూసే గణాంక నిపుణుడితో ముందుగానే కూర్చోవడం, పరిశోధన పథకాన్ని మొదట్లోనే నమోదు చేయించడం నీకు తెలిసినవే కాబట్టి వాటి గురించి నేను రాయను.

గర్భస్థ శిశువు విషయంలో నీకు ముందే దారి వేసినవాళ్లు ఉన్నారు. 1982లో డి వ్రీస్, విస్సర్, ప్రెష్ట్‌ల్ స్కాన్‌లో గంటల తరబడి చూసి, ఏడెనిమిది వారాలకే తొలి కదలికలు మొదలవుతాయనీ, ఆ తర్వాత ఏ కదలిక ఏ వారంలో కనిపిస్తుందో ఒక వరుస ఉందనీ రాశారు. అదే ఏడాది నైహౌస్, ప్రెష్ట్‌ల్ బృందం నెలలు నిండిన బిడ్డలో గుండె వేగం, కనుగుడ్ల కదలిక, ఒంటి కదలిక అనే మూడింటినీ కలిపి చూసి, ప్రశాంత నిద్ర నుంచి చురుకైన మెలకువ దాకా నాలుగు స్థితులు గుర్తించారు. ఆ ప్రశాంత నిద్ర 20 నుంచి 40 నిమిషాల దాకా సాగవచ్చు. కాబట్టి నీ రికార్డింగు గంటకు తగ్గకూడదు. నెలలు నిండకముందే కాన్పు వస్తుందేమోనని తల్లికి బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చి ఉంటే, రెండు మూడు రోజుల పాటు బిడ్డ కదలికలూ, గుండె వేగంలోని హెచ్చుతగ్గులూ తగ్గి, మళ్లీ వాటంతటవే మామూలవుతాయి. ఆ సంగతి కేసు షీటులో వెతికి రాసుకోకపోతే నీ లెక్కలన్నీ తారుమారవుతాయి.

కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి నేను బిడ్డ గుండె వేగాన్ని గీతగా చూపే ట్రేసు కాగితం పట్టుకుని పరుగెత్తాను. 25 నిమిషాలుగా గీత నున్నగా సాగుతోంది, బిడ్డ కదలడం లేదు, సిజేరియన్‌కు సిద్ధం చేయమంటారా అని అడిగాను. మా సీనియర్ ఆవిడ తల్లి పొట్ట మీద చేయి వేసి, నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, "నిద్రపోతున్న బిడ్డను నిద్రపోనీ, లేచాక మాట్లాడదాం" అంది. 38వ నిమిషంలో గీత ఒక్కసారిగా పైకి లేచింది, తల్లి పొట్ట మీద దుప్పటి కదిలింది. ఆ స్టూలు మీద కూర్చున్న పదమూడు నిమిషాలకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. అయితే ఒక్క మాట. కదలికలు తగ్గాయని తల్లి తనంతట తాను వచ్చి చెబితే, ట్రేసు బాగుంది కదా అని ఆమె మాటను కొట్టిపారేయకు.

రెండో పనిలో నన్ను కూర్చోబెట్టేవాళ్లు లేకపోయారు. ఇది మీ అమ్మకు కూడా నేను ఎన్నడూ చెప్పలేదు.

నాకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. స్త్రీల శరీర నిర్మాణం మనకే బాగా తెలుసన్న నమ్మకంతో, అలాంటి పిల్లలను కాన్పుల విభాగానికే పంపేవారు. తొమ్మిదేళ్ల పాపను తల్లి తీసుకొచ్చింది. ఇంట్లో మసలే మనిషి ఒకడు చేసిన పనిని ఆ పాప తల్లికి చెప్పింది, అది జరిగి అప్పటికే కొన్ని వారాలైంది. పాప జడ రిబ్బను ఒకవైపు ఊడిపోయి ఉంది, దాని కొసను పిడికిట్లో చుట్టుకుని పట్టుకుంది. "నొప్పి పుడుతుందా?" అని అడిగితే, తన ముఖం వైపు చూడకుండానే "పుట్టదు" అన్నాను. అయిదు నిమిషాల్లో ముగించి, నిలబడే మూడు వాక్యాలు రాశాను. గాయాలు లేవు. కన్నెపొర చెక్కుచెదరలేదు. లైంగిక దాడి జరిగినట్లు ఆధారాలు లేవు.

కొన్ని నెలల తర్వాత ఆ తల్లి అదే కాగితంతో తిరిగి వచ్చింది. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టీ పెట్టీ మడతల దగ్గర కాగితం అరిగిపోయి వెలుతురు కనబడుతోంది. "నా కూతురు అబద్ధం చెప్పిందని మీరు రాశారట, ఎక్కడ రాశారో చూపించండమ్మా" అంది. ఆమెకు చదువు రాదు. నేను అలా రాయలేదని చెప్పబోయి వేలు పెట్టి చూపుతుంటే, ఆ వేలు మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. విచారణ జరిపినవాళ్లు నేను రాసినదాన్ని ఎలా చదివారో అప్పుడు అర్థమైంది. ఆ మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడని ఆమె వెళుతూ వెళుతూ చెప్పింది.

తప్పు ఆ మూడో వాక్యంతో ఆగలేదు మాధవీ. మర్నాడే కూర్చుని, నా నివేదిక అర్థం ఇది కాదు, పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు అని ఒక లేఖ రాసి పంపి ఉండవచ్చు. ఒకసారి సంతకం పెట్టినదాన్ని సవరిస్తే పైవాళ్లు ఏమంటారోనని వెనకాడాను. వారం గడిచింది, నెల గడిచింది, ఆ తల్లి మళ్లీ రాలేదు. ఆ పాప ఇప్పుడు నీకంటే పెద్దదై ఉంటుంది.

ఆ రోజు నాకు తెలియనివి ఇవాళ నీ చేతిలో ఉన్నాయి. 2002లో హేగర్ బృందం, అనుమానంతో పరీక్షకు పంపిన 2,384 మంది పిల్లల ఫలితాలను ప్రచురించింది. వారిలో నూటికి 96 మందికి పరీక్ష మామూలుగానే ఉంది. ఆ భాగంలోని గాయాలు చాలావరకు కొద్ది రోజుల్లోనే ఆనవాలు లేకుండా మానిపోతాయి. 2004లో కెలాగ్ బృందం పరీక్షించిన 36 మంది బాలికలూ గర్భవతులే, అయినా లోపలి దాకా దాడి జరిగిందని ఖాయంగా చెప్పగల గుర్తులు ఇద్దరిలోనే కనిపించాయి. ఈ అధ్యయనాన్ని నీ బల్ల ముందు గోడకు అంటించుకో. కడుపులో బిడ్డను మోస్తున్న ఒంటి మీదే గుర్తు లేనప్పుడు, తొమ్మిదేళ్ల పాప ఒంటి మీద వెతికి లేదని రాయడానికి నేనెవరిని?

ఆ దుఃఖంలో రెండో వైపుకు ఒరిగిపోతావేమోనని కూడా నాకు భయమే. 1987లో ఇంగ్లండులోని క్లీవ్‌లాండ్‌లో కొద్ది నెలల్లోనే 121 మంది పిల్లలు అత్యాచారానికి గురయ్యారని వైద్యులు నిర్ధారించారు. మలద్వారం దానంతట అది తెరుచుకోవడమనే ఒక గుర్తుకు అందులో అతిగా విలువ ఇచ్చారు. ఆ గుర్తు ఒక్కటే రుజువు కాబోదని న్యాయమూర్తి బట్లర్-స్లాస్ విచారణ నివేదిక 1988లో చెప్పేలోగా ఎందరో పిల్లలు ఇళ్లకు దూరమయ్యారు. ఎలాంటి అనుమానమూ లేని పిల్లలను ఓపికగా పరీక్షించి, మామూలు ఒంట్లో ఎన్ని తేడాలు ఉంటాయో మెక్‌కాన్ బృందం 1989, 1990లలో రాసిన తర్వాతే చాలామంది కళ్లు తెరిచారు. మామూలు ఎలా ఉంటుందో రాసేవాళ్లు ఇప్పటికీ తక్కువే, నీ పరిశోధన అక్కడ నిలబడాలని నా కోరిక.

ఇక కోప్పడవలసినవి. పరీక్షలో తీసిన చిత్రం ఒక్కటి కూడా నీ సొంత ఫోనులోకి, ఒక్క నిమిషం కోసమైనా రాకూడదు. చిత్రాలు చూసి అభిప్రాయం చెప్పేవాళ్లకు ఆ బిడ్డ కథ తెలియకూడదు, తెలిస్తే కళ్లు ఆ కథనే చూస్తాయి. తల్లిదండ్రులు సంతకం పెట్టినా సరే, బిడ్డ వద్దని తల తిప్పుకుంటే ఆ రోజుకు పరీక్ష లేదు. నీ పరిశోధనకు ఒక అంకె తగ్గితే తగ్గనీ. బిడ్డ ఏదైనా చెబితే ఆ మాటలను నీ భాషలోకి మార్చకుండా ఉన్నవి ఉన్నట్లు రాసుకో, తర్వాత పనికొచ్చేది చాలాసార్లు అవే. పరీక్షకు ముందు ఆ బిడ్డ కళ్లలోకి చూసి, ఏం చేయబోతున్నావో, ఎక్కడ ముట్టుకుంటావో, ఎప్పుడు ఆపమన్నా ఆపుతావని చెప్పు. "పుట్టదు" అని మాత్రం ఎప్పుడూ అనకు.

ఈ పని ఒంటరిగా చేయకు తల్లీ. నీతోపాటు చూసే ఇంకో వైద్యురాలిని మొదటి రోజే వెతుక్కో, కష్టమైన కేసు చూసిన రోజున ఆమెతో మాట్లాడాకే ఇంటికి వెళ్లు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు, అందుకే అది ఇన్నేళ్లూ నాలోనే ఉండిపోయింది. వారానికి అయిదు రోజులూ ఈ కేసులే పెట్టుకోకు. మిగతా రోజులు స్కాన్ గదిలో కూర్చుని, ఆవులించే బిడ్డలను, బొటనవేలు నోట్లో పెట్టుకునే బిడ్డలను చూడు. అది కూడా నీ పరిశోధనే కాబట్టి, సమయం వృథా చేస్తున్నానని అనుకోవద్దు. చిన్నప్పుడు నా స్టెతస్కోపు మెడలో వేసుకుని బొమ్మ గుండె వినేదానివి. వినబడడం లేదని ఏడ్చి, చివరికి నా గుండె మీద పెట్టుకుని నవ్వేదానివి.

నీ నివేదిక నమూనా సిద్ధం చేసేటప్పుడు చివరి పేరా ఖాళీగా ఉంచి నాకు పంపు. పరీక్ష మామూలుగా ఉన్న బిడ్డ విషయంలో అక్కడ ఏం రాయాలో నా దగ్గర ఒక వాక్యం ఉంది. "ఈ పరీక్ష ఫలితం బిడ్డ చెప్పినదాన్ని రుజువు చేయదు, కాదనదు, అత్యాచారం జరిగిన చాలామంది పిల్లల్లో కూడా పరీక్ష ఇలాగే మామూలుగా ఉంటుంది." అక్షరం మార్చాలనిపిస్తే మార్చు, కాని చదువు రాని తల్లికి ఎవరో చదివి వినిపించినా దానికి వేరే అర్థం రాకుండా చూసుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ