ఉద్యోగంలో చేరే ముందు

అమ్మాయ్,

ఆఫర్ లెటర్ వచ్చిందన్న నీ మెసేజ్ మీ పెద్దమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. చివర్లో అడిగావే, "చూపు తక్కువని ముందే చెప్పాలా పెదనాన్నా? జీతం మొదలైతే వికలాంగుల పెన్షన్ ఆగిపోతుందా?" అని, ఆ టెన్షన్ నాకు తెలియనిది కాదు.

చెప్పడం, మానడం నీ ఇష్టం. కానీ ఏదైనా ఏర్పాటు కావాలంటే మాత్రం చెప్పక తప్పదు. చెప్పేటప్పుడు జబ్బు కథ ఎత్తుకోకు. ఎప్పుడు మొదలైంది, ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి అని మొదలుపెడితే ఎదుటివాళ్లకు జాలి పుడుతుంది. ఆ తర్వాత మాట పని మీదికి రాదు. "రిపోర్టులు స్కాన్ చేసిన బొమ్మలుగా కాకుండా టెక్స్ట్ ఫైళ్లుగా పంపండి, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ వాటిని చదువుతుంది. మీటింగు స్లయిడ్లు ముందురోజు ఇవ్వండి." ఇంతే అడుగు. అది కూడా మెయిల్‌లో. నోటిమాటగా ఒప్పుకున్న మేనేజరు బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

ఇదేమీ వాళ్లు చేసే ఉపకారం కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, తగిన సర్దుబాటు నిరాకరించడాన్ని కూడా వివక్షగానే లెక్కగట్టింది. సంస్థకు మోయలేని భారమైతే వేరే సంగతి. టెక్స్ట్ ఫైలు పంపడం ఎవరికి భారం?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. పోలియో కాలుతో రెండేళ్లపాటు రోజూ రెండో అంతస్తు ఎక్కి పనిచేశాను. లిఫ్టు లేదు. అడిగితే చేతకానివాణ్ణి అనుకుంటారని అడగలేదు. చివరికి ఒకరోజు మెట్ల మీద పడ్డాక అడిగితే మర్నాడే కింద కుర్చీ వేశారు. సంబరపడ్డాను. తీరా చూస్తే అసలు పనంతా పైనే జరుగుతోంది, నా బల్ల మీదికి పాత కాగితాలు సర్దే పని వచ్చింది. నాతో చేరినవాళ్లు ప్రమోషన్లు అందుకుంటుంటే నేను ఫైళ్లకు దారం కట్టుకుంటూ కూర్చున్నాను. కుర్చీ మారాలని అడిగానే గానీ నా పని కూడా నాతోపాటు కిందికి రావాలని అడగలేదు. నువ్వు ఆ రెండో మాట మర్చిపోకు. "నీకు ఇబ్బందని ఈ ప్రాజెక్టులో వేయలేదు" అని ఎవరైనా ప్రేమగా అంటే, ఆ రోజే మర్యాదగా కాదని చెప్పు.

కోటాలో వచ్చిందనే మాట కూడా వినిపిస్తుంది. వినిపించనీ. జర్మనీలో 20 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ 5 శాతం ఉద్యోగాలు తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇవ్వాలి, లేకపోతే డబ్బు కట్టాలి. అలా కట్టి తప్పించుకునే సంస్థలూ ఉన్నాయి. తలుపు తీయడానికే చట్టం కావాల్సి వచ్చిందంటే సిగ్గుపడాల్సింది లోపలికి వచ్చినవాళ్లు కాదు.

ఇక పెన్షన్. నియమాలు చోటును బట్టి మారతాయి కాబట్టి ఎవరో చెప్పినది నమ్మి చేరకు, మానుకోకు. కొన్నిచోట్ల ఆదాయం గీత దాటితే సాయం ఒక్కసారిగా ఆగుతుంది. ఆ భయంతోనే వచ్చిన ఉద్యోగం వదులుకున్నవాళ్లను చూశాను, వాళ్లను సోమరులనడం అన్యాయం. అమెరికాలో సామాజిక భద్రత కింద వైకల్య భృతి తీసుకునేవాళ్లు 60 నెలల వ్యవధిలో 9 నెలలు ఉద్యోగం చేసి చూసుకోవచ్చు, ఆ నెలల్లో జీతం ఎంత వచ్చినా భృతి ఆగదు. నీకు పెన్షన్ ఇచ్చే కార్యాలయంలో అలాంటి వెసులుబాటు ఉందేమో అడుగు. ఉద్యోగం పోతే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాలా, వైద్య సాయం కూడా పెన్షన్‌తోపాటే పోతుందా అన్నవి తప్పకుండా అడుగు. నా లెక్కలో నగదు కన్నా వైద్య సాయమే ముఖ్యం. జవాబు రాతపూర్వకంగా తీసుకో. మొదటి జీతం రాగానే వాళ్లకు తెలియజెయ్యి; దాచితే ఎక్కువ తీసుకున్నావంటూ తర్వాత వెనక్కి కట్టమంటారు.

ఆ మెయిల్ రాశాక పంపే ముందు నాకు ఒకసారి చదివి వినిపించు. "దయచేసి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదాం.

మీ పెదనాన్న